బావ చూపుడువేలు

కారులో చిన్న చప్పుడైనా బావ చూపుడువేలు లేపుతడు, అందరం నోళ్లు మూసుకోవాలె. "టర్బో ఇంజను బామ్మర్దీ, పవర్ పెట్రోలే పొయ్యాలె. సాదాది పోస్తే లోపల టకటక కొట్టుకుంటది, పిస్టన్లు పలుగుతయ్" అనేటోడు.

అక్కకు నొప్పులొచ్చిన పొద్దు మద్దూరు దాటంగనే పెట్రోలు అయిపోవచ్చింది. కిరాణా దుకాణంల సీసాలల్ల అమ్మే సాదా పెట్రోలే దిక్కయింది. సిద్దిపేట తొవ్వల ఎత్తు ఎక్కుతుంటే టకటక మొదలైంది. బావ వేలు లేచింది.

"జర అరవకే, ఇంజను కొట్టుకుంటుంది."

"నేను కొట్టుకుంటలేనా?" అన్నది అక్క.

జోరుగ పోతే ఇంజను పోతది. మెల్లగ పోతే ఏం పోతదో ఎవరం అనలేదు. బావ మెల్లగనే తోలిండు.

దవాఖానల కాన్పు గది తలుపు ముందు బావ మళ్లా వేలు లేపిండు. లోపల ఏ చప్పుడూ లేదు. చప్పుడు కావాలని ఆయన చెవి పెట్టుడు గదే మొదలు. ఎంతసేపటికో పసిగుడ్డు కేరుమన్నది. బావ వేలు మాత్రం ఇంకా దిగలేదు, అక్క గొంతు కూడా వినాలె కదా.