‘ఇంట్లో ఉన్నారా?’ అనే గడి

మా ఆఫీసులో కరెంటు పోగానే బల్లల కింద యూపీఎస్‌లు కీచుమంటాయి. పక్క సీట్లలోవాళ్ళు ఒళ్ళు విరుచుకుని టీకి లేస్తారు. నేను మాత్రం కుర్చీలోంచి కదల్లేను. ఇన్నేళ్ళయినా ఆ కీచుమనే చప్పుడు వింటే కాసేపు ఊపిరి ఆడదు. ఎందుకలా అయిపోతారని ఈ మధ్య ఒక కొత్తమ్మాయి అడిగింది. కరెంటంటే భయం కాదమ్మా, మా ఆపా గుర్తొస్తుంది అన్నాను. ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. ఆపా ఎవరో చెప్పాలంటే నిజామాబాదులో మందుల దుకాణం మీది గది దగ్గర మొదలుపెట్టాలి.

ఊరంతా అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే నస్రీన్ ఆ గదిలో ఒకవైపు రక్తపరీక్షల ల్యాబు నడిపేది, రెండోవైపు చిన్న రక్తదాతల సంఘం నడిపేది. ఎవరికైనా ఆపరేషనులో, కాన్పులో రక్తం కావాలంటే ఆస్పత్రులవాళ్ళు మాకు ఫోన్ చేసేవాళ్ళు. మేము ఆ గ్రూపు మనిషిని వెతికి పంపేవాళ్ళం. నేను కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి, ఎక్కడా ఉద్యోగం దొరక్క అక్కడ చేరాను. ఊరంతా ఆపాను ధైర్యవంతురాలనేది. ఎవరు పుట్టించారో ఆ మాట! నేను చూసినవాళ్ళలో ఆమె అంత పిరికి మనిషి ఇంకొకరు లేరు. తాళం వేసి మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి తాళం లాగి చూసేది. ఫ్రిజ్ తలుపు సరిగా పడిందో లేదోనని చెయ్యి పెట్టి నొక్కేది. రక్తం సీసా మీద పేరు తను చదివి, నాతో చదివించి, మళ్ళీ తనే చదివేది. నాకు విసుగొచ్చి నవ్వితే, “నవ్వు బేటీ, నవ్వు. బుగులు పడేదేదో ముందుగాల పడాలె. అప్పటికప్పుడు పడితె ఏం ఫాయిదా?” అనేది.

నాకూ అప్పట్లో ఒక బుగులు, ఒక భయం ఉండేది. బోధన్ దగ్గరి పల్లెలో చెరకు పండించే ఇంటికి మా అక్కనిచ్చాం. ఆమెది ఓ నెగెటివ్ రక్తం. మొదటి కాన్పులో రక్తం ఆగక, దొరికే దారి లేక, ఆఖరి ఘడియలో ఎక్కడినుంచో ఒక సీసా వచ్చి బతికింది. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. “ఈసారి నేను బతికి రాను సుజీ, నా మనసు చెప్తుంది,” అని ఆమె ఫోన్లో అన్న రోజున నేను బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. ఆపాకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకు తెలిసిపోయింది.

అప్పటిదాకా మా దాతల పేర్లు అట్టకార్డుల మీద, చెప్పుల డబ్బాల్లో ఉండేవి. వానాకాలం చెమ్మకు సిరా అలికిపోయేది. ఎవరో పాత కంప్యూటరొకటి ఇచ్చారు. ఇక అందులో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలన్నదే ప్రశ్న. పెద్ద ఆఫీసుల్లో అది కమిటీలు తేల్చే విషయం. మాకు మాత్రం అది మా అక్క ప్రాణం.

మొదట హైదరాబాదునుంచి ఒక కుర్రాడు వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. వాళ్ళ కంపెనీవాళ్ళే మన పేర్లన్నీ వాళ్ళ పెద్ద యంత్రంలో దాచిపెడతారట. మనం ఇంటర్నెట్‌లో చూసుకోవడమే. ఫోన్ వైరు మోడెంకు తగిలించి, అది గరగరలాడి కనెక్టయ్యాక రంగురంగుల తెర తెరిచాడు. నేను మురిసిపోయాను. ఏదైనా తేడా వస్తే నెపం వాళ్ళ మీదికి పోతుందన్న ఊరట కూడా ఉంది, దాచడమెందుకు!

“మీరు దేనికీ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు మేడమ్. డేటా అంతా మా దగ్గర భద్రంగా ఉంటుంది,” అన్నాడతను.

“రేపు మీ దుకాణం బందైతే నా పేర్లు నాకెట్ల వస్తయ్ బాబూ?”

“అలా జరగదు మేడమ్.”

“గా ముచ్చట కాదు నేనడిగింది,” అంది ఆపా.

ఆ మాట నోట్లో ఉండగానే మెట్లమీద ధబధబమని అడుగులు. నర్సింగ్‌హోం కంపౌండరు రొప్పుతూ వచ్చాడు. “ఏందాపా, గింతసేపట్నుంచి ఫోన్ ఎంగేజే వస్తుంది! పేషెంటుకు రక్తం కావాలె!” మాకున్నది ఒకటే లైను. దాన్ని ఇంటర్నెట్ పట్టుకుని కూర్చుంది. ఆపా మొహం తెల్లబోయింది. వైరు తనే పీకేసింది. ఆ పేషెంటుకు కార్డుల డబ్బాలోంచే మనిషిని వెతికాం. తరువాత ఆ కుర్రాడికి చాయ్ పోసి, “చూస్తే ఫోన్ చెయ్యరాదు, ఫోన్ చేస్తే చూడరాదు. మనిషి బతికేదెట్ల బేటా?” అని పంపించేసింది.

రెండోది మా ఊరి డీలరు తెచ్చిన ప్రోగ్రాం. అది మా కంప్యూటర్లోనే ఉంటుంది, నయమే అనుకున్నాం. డీలరు పేర్లు ఎక్కిస్తూ మంచి ఊపులో ఉండగా ఆపా వెనకనుంచి వెళ్ళి గోడకున్న ప్లగ్గు పీకేసింది. అతను కెవ్వుమన్నాడు. “మా ఊర్ల కరెంటు నీకు చెప్పి పోతదా భాయ్?” అందామె. మళ్ళీ ఆన్ చేస్తే ఎక్కించిన పేర్లు ఒక్కటీ లేవు. అతను తేరుకుని ఏవో సాకులు చెప్పాక ఆపా ఇంకో మాట అడిగింది. పేరు, ఊరు, గ్రూపు, ఫోనుతోపాటు ‘ఇంట్లో ఉన్నారా?’ అని ఒక గడి పెట్టాలి. అతను తల అడ్డంగా ఊపాడు. గడులు మార్చాలంటే కంపెనీకి రాయాలి, వాళ్ళు ఎప్పుడు చేస్తారో చెప్పలేమన్నాడు.

ఆ గడి ఎందుకో మా ప్రాంతంవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. కమ్మర్‌పల్లి, భీమ్‌గల్ వైపు మా దాతల్లో మగవాళ్ళు ఇవాళ ఉంటారు, రేపు దుబాయి విమానమెక్కుతారు. కార్డు మీద పేరు మాత్రం ఇక్కడే ఉంటుంది. ఫోన్ చేస్తే ఇంట్లో ఆడమనిషి “ఉన్నడు, బయటికి పోయిండు, వస్తడు” అంటుంది. అబద్ధమాడాలని కాదు. మగదిక్కు లేని ఇల్లని నలుగురికీ తెలిస్తే ఎట్లాగని భయం. ఆ ‘వస్తడు’ నమ్ముకుని మేము గంటలు పోగొట్టుకునేవాళ్ళం. అందుకే ఆపా నెలనెలా ఫోన్లు చేసేది. ఉన్నాడా అని సూటిగా అడిగేది కాదు. కుశలమడిగి, కూర ఏంటని అడిగి, మాటల మధ్యలో “ఇయ్యాల ఎంతమందికి బియ్యం వెట్టినవ్ అవ్వా?” అనేది. బియ్యం దగ్గర ఎవరూ అబద్ధమాడరు.

చివరికి ఆపా నావైపు తిరిగింది. ఏదో కంప్యూటర్ పత్రికతోపాటు వచ్చిన సీడీలో ఉచిత డేటాబేస్ ఒకటి ఉందని నేనే ఒకసారి నోరుజారాను. “గదే పెట్టు. మన గదిల, మన డబ్బాల. గడులు మన ఇష్టం. నువ్వే నేర్చుకో.” చెడిపోతే ఎవరిని పిలవాలి? “నేను తప్పు చేస్తే అక్క...” అని ఆగిపోయాను. ఆపా నా పక్కన కూర్చుంది. “తప్పు చేస్తవ్. చేసెటిదేదో ఇప్పుడే చెయ్. నేను పక్కనే ఉన్న గద.”

ఇక చూడండి నా అవస్థ. పుస్తకం ముందేసుకుని తంటాలు పడుతుంటే ఆపా వచ్చి చెప్పాపెట్టకుండా ప్లగ్గు పీకేది. భోజనానికి ముందు ఒకసారి, నమాజు ముగించుకుని వచ్చి ఒకసారి. నేను మొత్తుకునేదాన్ని. మొదట్లో పేర్లు పోయేవి. ఎందుకు పోయాయో వెతికి సరిచేసేదాన్ని. కొన్నాళ్ళకు ప్లగ్గు పీకినా మళ్ళీ ఆన్ చేస్తే అన్నీ కళ్ళముందుకొచ్చేవి. వారంవారం పేర్లన్నీ సీడీకి ఎక్కించి ఆపా ఇంటికి పట్టుకెళ్ళేదాన్ని. ఆమె దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టుకునేది. ఆ ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదట.

అక్కకు చెరకు సీజనులో నొప్పులొచ్చాయి. బావ ఆమెను నిజామాబాదు నర్సింగ్‌హోంలో చేర్పించాడు. కాన్పయిందన్న కబురు వచ్చి, అక్కకు కొడుకు పుట్టాడని నేను ఆపా నోట్లో చక్కెర వేస్తుండగానే మళ్ళీ ఫోన్ మోగింది. “సుజాతా, రక్తం ఆగుత లేదు. డాక్టరమ్మ జల్దీ పట్టుకురమ్మంటుంది,” అని బావ ఏడుస్తున్నాడు. రిసీవరు పెట్టానో లేదో కరెంటు పోయింది.

ఆ మధ్యే ఎవరో ఇచ్చిన పాత యూపీఎస్ కీచుమనడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ ముసలిది, ఎంతసేపు ఉంటుందో దానికే తెలియదు. తప్పు మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టాను. ఆపా నా వెనక్కి వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. గ్రూపు ఓ నెగెటివ్, ఇంట్లో ఉన్నారు అని రెండు గడులూ నింపి వెతికాను. రెండే పేర్లొచ్చాయి. చీటీ మీద రాసుకుంటుండగానే తెర నల్లబడింది.

మొదటి నంబరుకు చేశాను. ఆడగొంతు. “ఉన్నడక్కా. బయటికి పోయిండు, వస్తడు.” నాకు ప్రాణం లేచొచ్చింది. పంపించమని చెప్పబోతుంటే ఆపా రిసీవరు లాక్కుంది.

“ఇయ్యాల ఎంతమందికి బియ్యం వెట్టినవ్ బిడ్డా?”

అవతలి గొంతు కిందికి దిగింది. “నాకూ, పిల్లలకూ... దుబాయి పోయి వారమైందమ్మా. ఎవ్వలకు చెప్పకున్రి, ఒక్కదాన్నే ఉంటున్న.”

“చెప్పం బిడ్డా. తలుపు గొళ్ళెం పెట్టుకో,” అని ఆపా పెట్టేసింది. అంత తొందరలోనూ ఆ మాట చెప్పడం మరిచిపోలేదామె.

రెండో మనిషి బోధన్‌లో దర్జీ. నంబరు పక్క కిరాణా కొట్టుది. పిలిచేదాకా ఆగితే అతని గొంతు వినిపించింది. “వస్తున్న ఆపా. బండి మీద వస్తున్న.” కానీ అది చెరకు సీజను. బోధన్ రోడ్డు పొడుగునా చెరకు ట్రాక్టర్లు బారులుతీరి ఉంటాయి. మేము నర్సింగ్‌హోంకు చేరేసరికి వరండాలో బావ గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. లోపలినుంచి నర్సులు ఎర్రబడ్డ గుడ్డలు తెస్తున్నారు. నేను ఆ వైపు చూడలేక రోడ్డువైపు చూస్తూ నిలబడ్డాను. ప్రతి మోటారుసైకిలు చప్పుడుకూ గేటు దాకా పరుగెత్తేదాన్ని.

“నీకు బుగులైత లేదా ఆపా?” అని అడిగాను.

“ఎందుకు కాదు బిడ్డా? మస్తు అయితుంది,” అంది తస్బీ జపమాల తిప్పుతూ. “అతను ఇంట్ల ఉన్నడని మనకు తెలిసింది. దొరికిండు. వస్తుండు. మన చేతిలది అయిపోయింది. ఇగ దేవునిది.”

దర్జీ వచ్చాడు. చొక్కా నిండా దారప్పోగులు, మెడలో టేపు అలాగే ఉంది. ట్రాక్టర్ల మధ్య సందుల్లోంచి దూరి వచ్చానన్నాడు. చెరకు ఆకులు కోసుకుని ముంజేతులు గీరుకుపోయాయి. ఆపా అతని రక్తం పరీక్ష చేసి, పేరు తను చదివి, నాతో చదివించి, మళ్ళీ తనే చదివింది. ఆ రోజు నాకు విసుగు రాలేదు. చీకటి పడేసరికి అక్క కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. నేను ఆపా కాళ్ళమీద పడబోతే కసిరింది. “రేపు పొద్దుగాల మొదలు ఆ దుబాయి పోయినాయన గడి మార్చు. ఇంకెవ్వల అక్కనో ఉంటది.”

తరువాత పెద్ద బ్లడ్‌బ్యాంకులొచ్చాయి, మా సంఘం అవసరం తగ్గి మూతపడింది. నేను హైదరాబాదు వచ్చేశాను. ఇప్పుడు ఒక చిన్న సేవాసంస్థలో ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో చెప్పే పని నాదే. అమ్మేవాళ్ళు రంగుల తెరలు తెరుస్తారు. మా పేర్లు ఎవరి దగ్గర ఉంటాయి, మీరు పోతే మాకెట్లా వస్తాయి, గడులు మేమే మార్చుకోవచ్చా అని అడుగుతాను. ఆ తరువాత లేచి వెళ్ళి ప్లగ్గు పీకుతాను. నా వెనక పిచ్చిదనుకుంటారని తెలుసు.

ఆపా పోయి చాలా ఏళ్ళయింది. ఆ పాత డేటాబేస్‌ను మాత్రం కంప్యూటరు మార్చినప్పుడల్లా కొత్తదానిలోకి ఎక్కించుకుంటూనే ఉన్నాను. ఎవరికీ పనికిరాదు. అయినా పోతుందేమోనని ఇప్పటికీ భయం. అందులో మొట్టమొదటి పేరు ఆపాదే, బి పాజిటివ్. పద్ధతి ప్రకారం ఆమె ‘ఇంట్లో ఉన్నారా?’ గడి నేనెప్పుడో మార్చాల్సింది, ఆమె ఉంటే తిట్టేది కూడా. తెరుస్తాను. ఆ గడి దాకా వెళతాను. వేలు కదలదు. ఆ రోజు ఫోన్లో మాట్లాడినామె గొంతు వినిపిస్తుంది. ఆమె ఎందుకలా అన్నదో నాకిప్పుడు బాగా తెలుసు. ఉన్నది, బయటికి పోయింది, వస్తది అనుకుని మూసేస్తాను.