జపాన్ వాళ్ళు ఆగకపోతే

వినుకొండ నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో, ముందు సీట్లో కూర్చున్న ఒక చరిత్ర మాస్టారికీ నాకూ వాదన పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఎందుకు ఓడిందని. వాదన దొరికితే వదిలే మనిషిని కాను నేను.

"బర్మా పట్టాక సరిహద్దులో ఆగడమే వాళ్ళు చేసిన తెలివితక్కువ పని మాస్టారూ! పారిపోయే జనం వెనకే తరుముకుంటూ వచ్చుంటే ఇటువైపు ఆపే నాథుడెవరు? తీరిగ్గా రెండేళ్ళ తర్వాత వచ్చి చచ్చారు," అన్నాను, బస్సంతా వినేలా.

నా పక్కన ఒకావిడ కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. మిరపకాయలకు తొడిమలు తీసే పని నుంచి వస్తోంది. మంటెక్కిన చేతులు దేనికీ తగలకుండా ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది.

"వాళ్ళు ఆగకపోతే మా అమ్మ వచ్చేది కాదు గదమ్మా," అంది. "రంగూన్ నుంచి నడిచొచ్చింది. చంటాణ్ణి, మా అన్నని, దారిలో అడవిలో పూడ్చిపెట్టి మరీ వచ్చింది. వెనక వాళ్ళు ఆగబట్టే ప్రాణాలతో బయటపడ్డానని చెప్పేది."

ఆవిడ కళ్ళు నిండాయి. ఆ చేతులతో తుడుచుకునే వీల్లేదు. నా కొంగుతో తుడవచ్చని నాకు తోచేలోపే, ఆవిడ భుజం పైకెత్తి జాకెట్టుకు కళ్ళు ఒత్తుకుంది.

"ఊఁ, చెప్పండి మేడం. తరుముకుంటూ వచ్చుంటే?" అన్నాడు మాస్టారు. బస్సు మోతలో ఆయనకు ఇవేవీ వినపడలేదు. జవాబు నా నాలుక చివరే ఉంది. కిటికీ వైపు తిరిగాను.

నరసరావుపేటలో ఆవిడ దిగడానికి లేచింది.

"నా సోదితో మీ మాటలు చెడగొట్టాను. ఏమనుకోకమ్మా," అంది.