పట్టికకు సరిపోయిన బుచ్చమ్మ

లాల్‌దర్వాజాలో పాలమ్మే బుచ్చమ్మ భారీ మనిషి. నిండు క్యాను నెత్తిన పెట్టుకుని హోటలుదాకా నడిచేది, జ్వరమంటే ఎరగదు. అయితే ఆ పాలలో మీగడ తీసి, తగినన్ని నీళ్లు కలిపేది. పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు మీగడ తీసిన పాలలో పైకి తేలుతుంది, నీళ్లు పోస్తే మళ్లీ సరైన గీతకే దిగుతుంది. హోటలాయన దాన్ని ముంచి, మంచి పాలేనని తీసుకునేవాడు. బుచ్చమ్మ లోపల సిగ్గేసినా మానలేదు.

పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో గుడి దగ్గర ఉచిత వైద్య శిబిరం పెట్టారు. డాక్టరు ఆమెను కాటా ఎక్కించి, గోడమీది ఎత్తు-బరువుల పట్టిక చూసి, అందరూ వింటుండగా, "నీ ఎత్తుకు ఈ బరువు చాలా ఎక్కువమ్మా, తిండి తగ్గించు" అన్నాడు. వెనక ఆడవాళ్లు నవ్వారు. బుచ్చమ్మ ఒళ్లంతా కొంగు కప్పుకుని ఇంటికొచ్చి, ఆనాటినుంచి రాత్రి అన్నం మానేసింది.

మరుసటేడు శిబిరంలో ముల్లు పట్టిక చెప్పిన చోటే ఆగింది. డాక్టరు శభాష్ అన్నాడు. కాటా దిగుతూ ఆమె తూలి బల్ల పట్టుకుంది. క్యాను ఎత్తలేక నెలలైంది, భర్త బీరయ్యే మోస్తున్నాడు.

"మంచిగున్నవన్నడు గద, మొకం గట్ల పెట్టినవేంది?" అన్నాడు బీరయ్య.



"మనం హోటల్ల పోసే పాలు గూడ గిట్లనే పాసైతయి" అంది బుచ్చమ్మ.