నువ్వుల చుట్టూ గీత

మా ఆయన హజరత్తయ్య దొంగప్రమాణం చేశాడని ఊళ్లో ఇప్పటికీ అంటారు. ఆయన పోయి ఏడు నెలలైనా ఆ మాట పోలేదు. ఆయన చేసింది దొంగప్రమాణం కాదని నాకు తెలుసు. అందుకే ఆయన ఎట్లాంటి మనిషో, ఏం జరిగిందో రాస్తున్నాను.

మాది వాకాడు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఊరు. మా అత్తకు ముగ్గురు బిడ్డలు పుట్టి పోయాక కసుమూరు దర్గాకు మొక్కుకుంటే ఈయన నిలిచాడట. అందుకని ఆ పేరు పెట్టుకున్నారు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆయన కూలికి మందు కొట్టేవాడు. వీపున ట్యాంకు, చేతిలో గొట్టం, ముక్కుకు తువ్వాలు. పద్దెనిమిదేళ్లు ఊరందరి చేలకీ ఆయనా, సమాధానం అనే ఆయన స్నేహితుడూ కలిసి పురుగుమందు కొట్టారు. ఎంత రుద్ది స్నానం చేసినా ఒంటి నుంచి ఆ వాసన పోయేది కాదు. "హజరత్తయ్య పక్కనుంటే దోమతెర కొనే పన్లేదు గదా ప్రమీలా!" అని కుళాయి దగ్గర ఆడవాళ్లు నన్ను ఆటపట్టించేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. తిన్న అన్నం తిన్నట్టు కక్కుకుంటున్నాడని మాత్రం వాళ్లకు చెప్పలేదు.

ఆయన మందు కొట్టిన గట్టు మీద మేసి మా పాడి ఆవు చచ్చిపోయింది. ఆ రోజు ట్యాంకును పాత సామాన్లవాడికి ఊరికే ఇచ్చేశాడు. మళ్లీ గొట్టం ముట్టలేదు.

ఆ మరుసటేడు పెంచలప్రసాద్ గారు మా ఊరికి వచ్చారు. నువ్వులు కొని పై దేశాలకు పంపే కంపెనీలో ఆయనకు ఉద్యోగం. బడి వరండాలో ప్రపంచ పటం పరిచి చూపించారు.

"నూట ఎనభైకి పైగా దేశాల్లో సేంద్రియ సేద్యం చేస్తా ఉండారు. ఏటేటా పెరగతానే ఉండాది. మీ నువ్వుల్ని జర్మనీ వాళ్లు రొట్టె మీద చల్లుకుని తింటారు."

"రొట్టె మీద నువ్వులేందబ్బా? పచ్చడి లేదా వాళ్లకి?" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. ఇంటికి వచ్చాక మాత్రం ఆయన నవ్వలేదు. "యాడనో మొగం తెలీనోడు మన గింజ తింటాడంట మే. వాడి కడుపులోకి నా చేత్తో మందు పోగూడదు," అన్నాడు.

ఇరవై రెండు కుటుంబాలు గుంపుగా చేరాయి. మందు లేని పంటని కంపెనీ ఇప్పించే పత్రం గుంపు మొత్తానికీ ఒకటే. ఒక్కరి గింజలో మందు తేలినా అందరి సరుకూ కొనరు, పత్రమూ పోతుంది. ఇళ్లల్లో కూడా పురుగుమందు ఉండకూడదని రూలు. అట్లా మూడేళ్లు చేసి చూపిస్తేనే నువ్వులు పై దేశానికి పోతాయి.

ఆ మూడేళ్లూ ఆయన చేనికి పోసేందుకు పేడ, ఆవు పంచితం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో కలిపి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పేవాడు. "అప్పుడు మందు కంపు, ఇప్పుడు పేడ కంపు. నీ నొసట మంచి వాసన రాయలేదన్నా దేవుడు," అనేవాడు సమాధానం. మా చేనికి తూర్పున, సముద్రం వైపు, అతను ఒక ఆసామి నేల కౌలుకు తీసుకుని వేరుశనగ వేసేవాడు. గుంపులో చేరమని మా ఆయన ఎంత బతిమాలినా చేరలేదు. "ఏటికేడు మారే కౌలన్నా. మూడేళ్ల మాట నేనెట్ల ఇచ్చేది?" అన్నాడు.

మూడో ఏడు నువ్వులు బాగా పండాయి. నువ్వుకట్టె ఎండబెట్టి, దులిపి, చెరిగి, గింజను పెరట్లో టార్పాలిన్ పట్టా మీద ఆరబోశాం. ఆయన సంచుల కోసం గూడూరుకు వెళ్లాడు.

నువ్వులకు చీమలు పట్టడం వింత కాదు. కానీ ఆ రోజు పట్టినట్టు నేనెప్పుడూ చూడలేదు. ఒక్కొక్క చీమా ఒక్కొక్క గింజ. పట్టా అంచు నుంచి కంచె దాకా తెల్ల దారం పాకుతున్నట్టు ఉంది. పసుపు చల్లాను. బూడిద పోశాను. పక్కనుంచి తిరిగి మళ్లీ వచ్చాయి. వంటింట్లో పాత డబ్బాల వెనక చీమల మందు పొట్లం ఒకటి ఉంది. పారెయ్యమని ఆయన అన్నప్పుడు పారేశానని చెప్పి దాచిందే. పురుగుమందంటే ట్యాంకులో పోసేదే అనుకున్నాను, ఇది కూడా మందేనని నాకు తట్టలేదు. కాదు, ఇక్కడ కూడా అబద్ధం రాయకూడదు. కొంచెం తట్టింది.

పట్టా చుట్టూ ఆ పొడితో గీత గీశాను. రోజూ ముగ్గు వేసే చెయ్యి కదా, సన్నగా తిన్నగా పడింది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచింది. సాయంత్రానికి చీమలూ లేవు, గీతా లేదు. ఆ పొడి ఎక్కడికి పోయిందని నేను ఆలోచించలేదు.

"చీమలు పట్టలా మే?" అన్నాడు ఆయన రాగానే.

"పసుపు చల్లాను."

"చూసినావా! మందు లేకపోతే చీమ పోదంటారు ఎదవలు," అని మురిసిపోయాడు. మర్నాడు గుంపులో అందరికీ చెప్పుకున్నాడు, మా ప్రమీల పసుపుతోనే తరిమేసిందని.

కంపెనీ వాళ్లు ఇంటింటి గింజా కొంచెం కొంచెం పరీక్షకు తీసుకుపోయారు. మూడు వారాలకు పెంచలప్రసాద్ గారు మొహం మాడ్చుకుని వచ్చారు. మందు తేలింది, అదీ మా ఇంటి గింజలో. ఇరవై రెండు కుటుంబాల సరుకూ నిలిచిపోయింది.

పోలేరమ్మ గుడి ముందు అందరూ చేరారు. "పద్దెనిమిదేళ్లు పట్టిన గొట్టం. చెయ్యి ఊరుకుంటాదా?" అంది పేరమ్మ. ఆమెదీ గుంపులో ఒక కుటుంబం. "నిద్దట్లో లేచి కొట్టుంటాడులే," అన్నారు ఇంకెవరో.

మా ఆయన కర్పూరం తెమ్మన్నాడు. వెలిగించి, అరచేత్తో ఆర్పాడు. "నా చేన్లో గానీ, నా గడప లోపల గానీ మందు పడుంటే ఆ తల్లి నన్ను తీసకపోవాల."

కర్పూరం ఆర్పి చెప్పిన మాటను మా వైపు ఎవరూ కాదనరు. నేను ఆడవాళ్లలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. అనలేదు.

మరి మందు ఎట్లా వచ్చినట్టు? గాలి తూర్పు నుంచి. తూర్పున సమాధానం చేను. అందరూ అతని మీద పడ్డారు.

"అన్నా, నీ గట్టు పక్క పది సాళ్లకు నేను మందే కొట్టలా. నీ కోసరం పురుక్కి వదిలేసినా. నువ్వు చూసినావు గదా, చెప్పు," అన్నాడు అతను.

ఆయన చూశాడు. నాతో ఆ సంగతి చెప్పి పొంగిపోయాడు కూడా. కానీ సమాధానం మాట నిజమైతే తన ప్రమాణం అబద్ధమవుతుంది. "నాకేం తెలీదబ్బా," అన్నాడు తల దించుకుని. నెల తిరక్కుండా ఆసామి సమాధానం కౌలు తీసేశాడు.

ప్రమాణం చేసిన మర్నాడు పొద్దున చెప్పేద్దామనే ఆయన దగ్గరికి వెళ్లాను. డ్రమ్ము పక్కన కూర్చుని ఉన్నాడు. "ఎట్ల వచ్చింది మే? నీ మీద ఒట్టు, నేను ముట్టలా," అన్నాడు. నేను కూడా నమ్మడం లేదేమోనని ఆయనకు భయం. ఆ భయం చూశాక, నమ్ముతున్నానని మాత్రం చెప్పి లోపలికి వచ్చేశాను. తర్వాత రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

ఏడాది తిరిగేసరికి ఆయన కడుపు ఉబ్బి మంచాన పడ్డాడు. లివరు పోయిందని, పాతరోజుల మందుల వల్ల కావచ్చని నెల్లూరు డాక్టరు అన్నారు. ఊళ్లో మాత్రం పోలేరమ్మ పట్టుకుందన్నారు. ఆయన సమాధానాన్ని ఒకసారి చూడాలన్నాడు. కబురు పంపాను. అతను రాలేదు. కార్తీకంలో ఆయన పోయాడు.

పోయిన నెల నేనే సమాధానం దగ్గరికి వెళ్లాను. రొయ్యల గుంటల దగ్గర మేత చల్లే పని చేస్తున్నాడు. గట్టు మీద నిలబడే అంతా చెప్పాను. చేతిలో మేత బేసిన్ కింద పెట్టాడు.

"ఈ మాట ఆయన ఉండంగా చెప్పుంటే ఇద్దరం కలిసి నిన్ను తిట్టుందుము వదినా," అన్నాడు. "ఇప్పుడు నేనొక్కణ్ణే తిట్టాల. ఒక్కణ్ణే తిట్టబుద్ధి కావడంలా."

"ఊళ్లో చెప్తాను సమాధానం."

"చెప్పు. నా కౌలైతే రాదు. ఆయన పేరన్నా నిలబడతాదేమో," అని బేసిన్ ఎత్తుకుని నీళ్లలోకి దిగాడు.

పెంచలప్రసాద్ గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "మీ గుంపే లేదు గదమ్మా, ఇప్పుడు రాసుకుని ఏం చేసేది?" అన్నారు. వేరే జిల్లాలో కొత్త గుంపులు పెట్టారట, అక్కడ సేంద్రియ సేద్యం బాగా పెరుగుతోందట.

పేరమ్మ ఇంటికి వెళ్లాను. వాళ్లు మళ్లీ మందు కొట్టుకునే సేద్యం చేస్తున్నారు. అరుగు మీద కూర్చుని పొట్లం సంగతి, గీత సంగతి, పసుపని చెప్పిన అబద్ధం, ఒకటీ వదలకుండా చెప్పాను. అంతా విని పేరమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"పోయినోడి పేరు నిలబెట్టేదానికి నింద నీ మీద ఏసుకుంటుండావా తల్లీ! ఎవురు చేస్తారు ఇట్ల? ఊరుకో, ఇంక ఎవురికీ చెప్పబాకు. ఆయన చేసింది ఆయనతోనే పోయింది," అంది.

కాదు పేరమ్మా, నేనే, అని మళ్లీ అన్నాను. లోపలికి వెళ్లి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.