కుర్చీతో సహా ఒడ్డుకొచ్చిన సారు

మార్కులు వేయడానికొచ్చిన పెద్దమనిషిని కుర్చీతో సహా పిల్లలచేత ఈడ్పించిన ఘనత మీలో ఎవరికైనా ఉందా? నాకుంది. ఆ రోజు నా టీచర్ ట్రైనింగు గంగలో కలిసిపోవాల్సింది. ఎలా బతికి బయటపడ్డానో చెబుతాను, హాయిగా నవ్వుకోండి.

మాది ఆమదాలవలస. కార్తీకమాసం పిక్నిక్కులకి తప్ప సముద్రం మొహం చూసినవాణ్ణి కాదు. అలాంటి నన్ను శ్రీకూర్మం అవతల ఒక చేపలవాళ్ళ ఊరి బడికి ప్రాక్టీసుకి వేశారు. మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు రావు. కూర్చోబెట్టి చెప్పిస్తే సగంలోనే ఆవలింతలు.

ఒక ఉదయం ఒడ్డున పెద్దవల లాగడం చూశాను. ఒకడు పాట అందుకుంటే ఊరంతా పలుకుతూ, పలుకు పలుక్కీ తాడు లాగుతున్నారు. వెంటనే నాలోని మహామేధావి నిద్రలేచాడు.

మర్నాడు టీచరు కుర్చీ మీద మధ్యాహ్నభోజనం బియ్యం బస్తా పెట్టి, కుర్చీ కాళ్ళకి తాడు కట్టి, రెండో కొస పిల్లల చేతికిచ్చాను. ఎక్కంలో ఒక్కో మాటకి ఒక్కో లాగు. ఎక్కం పూర్తయ్యేసరికి కుర్చీ వాళ్ళ దగ్గరికొస్తుంది. బస్తా మీద నేను పోసిపెట్టిన చింతపిక్కలే చేపలు, వాటిని సమానంగా పంచుకోవడమే భాగహారం. కొద్దిరోజుల్లోనే ఎక్కాలు గడగడా వచ్చేశాయి. ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరం.

అంతలో నా పాఠం చూసి మార్కులు వేయడానికి మా ట్రైనింగు కాలేజీ సారు వచ్చారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆయన ఫెయిల్ చేస్తే మళ్ళీ ఏడాదంతా చదవాలి. నేను గోడకి చార్టులు తగిలించే హడావుడిలో ఉండగా, హెడ్మాస్టరు గారు బస్తా దింపించి, తువ్వాలుతో దులిపి, సారుని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు. తాడు సంగతి నాకు తట్టలేదు. నా బుర్రకి ఎన్ని మార్కులు వేస్తారో మీ ఇష్టం.

"ఏదీ, ఎనిమిదో ఎక్కం చెప్పించు" అన్నారు సారు.

"చెప్పండర్రా" అన్నాను దర్జాగా.

పిల్లలు లేచి తాడు పట్టుకున్నారు. "ఎనిమిదొకట్ల ఎనిమిది" అనగానే సారు కుర్చీతో సహా ముందుకి జరిగారు. "ఎనిమిది రెళ్ళు పదహారు"కి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.

"ఒరే, వదలండ్రా" అని అరిచాను.

"ఎలాగొదిలేస్తాం మాస్టారూ, ఇంకా ఒడ్డుకి రానేదు కదా" అంది అందరికంటే ముందున్న నూకాలు. "మజ్జిలో ఒదిలేస్తే మాయయ్య తంతాడు."

నిజమే. వల ఒడ్డుకి చేరకుండా తాడు వదలడం ఆ ఊళ్ళో మహాపరాధం. ఆ పట్టుదలని మెచ్చుకుని రోజూ చప్పట్లు కొట్టించింది కూడా నేనే.

"ఏటయ్యా ఇది, ఆపించు" అన్నారు హెడ్మాస్టరు గారు తువ్వాలు ఊపుతూ.

"నా వల్ల కాదండీ, ఇంకా అరవై నాలుగే అయింది" అన్నాను.

ఎనభై అనేసరికి సారు పిల్లల మధ్యకి చేరిపోయారు. నేను ఇంటికెళ్ళి నాన్నకేం చెప్పాలో ఆలోచించడం మొదలుపెట్టాను.

సారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అయితే వలలో పడింది నేనన్నమాట. నన్ను ఇంతమందికీ ఎలా భాగిస్తారు?"

నూకాలు ఆయన బట్టతలనీ, గుండ్రటి పొట్టనీ తీరిగ్గా చూసింది.

"మిమ్మల్ని పంచం సార్. తాబేలు పడితే మేం పంచుకోం. బొట్టెట్టి, దణ్ణమెట్టి సముద్రంలో ఒదిలేస్తాం."

వెనక ఇద్దరు పిల్లలు అప్పటికే చేతులు జోడించారు. సారు భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. కాదు, నవ్వుతున్నారు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "భాగించకూడనిది కూడా నేర్పావయ్యా" అని నన్ను పాస్ చేసేశారు. అమ్మయ్య, ఆ పూట నేను తిన్నంత అన్నం జన్మలో తినలేదు.

కూర్మనాథస్వామి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: మార్కులు వేసేవాళ్ళు కూర్చునే కుర్చీకి ఈ జన్మలో తాడు కట్టను. బియ్యం బస్తా కూర్చునే కుర్చీకి మాత్రం ఇప్పటికీ కడుతూనే ఉన్నాను.