లాకరు గదిలో కుర్చీ

టైలరమ్మ బ్యాంకుకు వెళ్లేది కూర్చోవడానికి. డబ్బు పనులన్నీ ఫోన్లోనే చక్కబెట్టుకునేది. ఆ విద్య వీధిలో అందరికంటే ముందు అబ్బింది ఆవిడకే. బ్యాంకులో ఆవిడకు కావలసినవి లాకరు గది, అందులో ఓ మూల వేసిన ఇనుప కుర్చీ, వెనక మూసుకునే తలుపు.

ఇల్లు మూడు గదులది. కుట్టు మిషను హాల్లో. మిషను వెనకే అత్తగారి టీవీ, పక్కనే కొలతలు సరిచూసుకునేవాళ్ల కోసం తెర కట్టిన మూల. మొగుడు ప్లంబరు. ఫోన్లో మాట్లాడినా, మాట పైపులోంచి అవతలి ఇంటికి నేరుగా చేరాలన్నంత గట్టిగా మాట్లాడతాడు. కొడుకులిద్దరికీ దెబ్బలాడుకోకపోతే తిన్నది అరగదు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కొలతలతో పాటు తమ కోడళ్ల కథలూ ఇచ్చిపోతారు. ఇంట్లో అందరూ మంచివాళ్లే. చెడ్డవాళ్లయితే పోట్లాడి ఒక గది సంపాదించుకునేది. మంచివాళ్లతో ఆ వీలు కూడా లేదు.

లాకరు తీసుకున్న మొదట్లో అందులో తల్లి ఇచ్చిన గొలుసూ గాజులూ ఉండేవి. చెల్లెలు వచ్చి అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేసింది. తాళంచెవి కూడా అప్పగించేద్దామని బ్యాంకుకు వెళ్లింది. లాకరు మేడమ్ తన తాళంచెవి తిప్పి, ఎవరిదో ఫోనొస్తే బయటికెళ్లింది. ఆ కాసేపు టైలరమ్మ ఇనుప కుర్చీలో కూర్చుంది. టీవీ లేదు, పైపు లేదు, కోడలు లేదు. మేడమ్ తిరిగొచ్చి "అయిందా?" అంటే "అయింది" అని లేచి, తాళంచెవి మళ్లీ కొంగున కట్టుకుని ఇంటికొచ్చేసింది.

ఆ తర్వాత ప్రతి మంగళవారం "బ్యాంకుకెళ్లొస్తా" అనేది. ఎవరూ ఎందుకని అడగలేదు. బ్యాంకులో లాకరున్న ఆడమనిషికి ఆ మాత్రం పని ఉంటుందనుకున్నారు. లాకర్లో ఏముందో కూడా ఎవరూ అడగలేదు, ఎవరికి వాళ్లే ఊహించుకున్నారు. ఏటేటా వాళ్ల లెక్కలో గొలుసులు పెరుగుతూ వచ్చాయి. అద్దె ఆవిడ కుట్టు సంపాదనలోంచి పోయేది.

ఒకసారి లాకరు మేడమ్ పొరపాటు చేసింది. లోపల అలికిడి లేకపోవడంతో గది ఖాళీ అనుకుని, బయటి ఊచల తలుపుకి తాళం వేసుకుని భోజనానికి వెళ్లింది. వచ్చి చూస్తే టైలరమ్మ కుర్చీలో చేరగిలబడి ఉంది. మేడమ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అయ్యో, ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని కదమ్మా! ఎందుకు అరవలేదు?"

"అరవడానికి ఇల్లుందిగా మేడమ్."

మేడమ్‌కి అప్పుడు అర్థమైంది. లాకర్లో ఏముందని అడగకపోవడం ఆవిడ ఉద్యోగ ధర్మం. ‘ఏమీ లేదు కదా?’ అని అడగకపోవడం ఆవిడ సొంత మర్యాద. ఆ పై మంగళవారం కుర్చీ మీద ఒక పాత దిండు కనిపించింది.

ఈలోగా బ్యాంకు చిక్కిపోవడం మొదలైంది. పాస్‌బుక్కు అచ్చు వేయడానికి ఒక యంత్రం, డబ్బు కట్టడానికి ఇంకో యంత్రం వచ్చాయి. కౌంటర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరికి మిగిలింది ఒక మేనేజరు, లాకరు మేడమ్, సర్వర్ లేదని చెప్పడానికి ఒక కుర్రాడు. పాత రోజులే బాగుండేవని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లకి పాత వరుసలు గుర్తులేవన్నమాట. గంటసేపు నిలబడితే, "ఇక్కడ కాదు, పక్క కౌంటరు" అని ముఖం కూడా ఎత్తకుండా చెప్పిన చోటు అది. జనం ఫోన్లకి మారిపోయి మంచి పనే చేశారు. ఫోన్లోకి ఎక్కనిది లాకరు గది ఒక్కటే.

ఒక మంగళవారం గాజు తలుపు మీద నోటీసు కనిపించింది. శాఖ మూసేస్తున్నారు. లాకర్లున్నవాళ్లు వచ్చి ఖాళీ చేసుకోవాలి; కావాలంటే నగరం అవతల పెద్ద శాఖలో తీసుకోవచ్చు. టైలరమ్మ అక్కడికీ వెళ్లి చూసింది. అక్కడి లాకర్లకి గది లేదు. వేలిముద్ర వేస్తే గోడలోంచి పెట్టె దానంతటదే బయటికొస్తుంది. నిలబడి తీసుకోవాలి, నిలబడి పెట్టాలి.

నోటీసు సంగతి ఇంట్లో తెలియగానే హడావుడి మొదలైంది. అంత బంగారంతో ఒంటరిగా ఎలా వస్తుందని అత్తగారి బెంగ. "నేను పనికి సెలవు పెడతా" అన్నాడు ప్లంబరు. పక్క వీధిలో ఉండే పెద్దాడపడుచు, సంచీతో సహా దిగింది.

"నువ్వు పైపులు చూసుకోరా. దీంతో నేను వెళ్తా. నన్ను చూస్తే దొంగ కూడా దండం పెట్టి పోతాడు."

దారంతా టైలరమ్మకి ఒకటే ఆలోచన. గది ఎలాగూ పోతోంది. ఇన్నేళ్లు ఖాళీ పెట్టెకి అద్దె కట్టిందని తెలిస్తే ఇంట్లో ఉన్న ఆ కాస్త గౌరవమూ దాని వెనకే పోతుంది. నవ్వుతారు, కోప్పడినా బాగుండును, నవ్వుతారు.

లాకరు మేడమ్ ఇద్దరినీ చూసింది. గొంతు సవరించుకుంది. "లాకరున్నవాళ్లు తప్ప ఎవరూ లోపలికి రాకూడదండీ. రూలు."

"మీ రూలు మీకుండనీ, బ్యాంకే మూసేస్తుంటే రూలెవరికమ్మా?" అంది ఆడపడుచు. అయినా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

టైలరమ్మ లోపలికెళ్లి చివరిసారి కూర్చుంది. మామూలుకంటే తక్కువసేపే కూర్చుంది; గుమ్మం బయట ఆడపడుచు దగ్గు వినిపిస్తూనే ఉంది. బయటికొచ్చి తాళంచెవి మేడమ్ చేతిలో పెట్టింది. ఆడపడుచు సంచీ నోరు తెరిచి పట్టుకుంది.

"ఊఁ, వెయ్యి."

"వెయ్యడానికేం లేదు వదినా."

"అంటే?"

"గొలుసూ గాజులూ ఎప్పుడో చెల్లెలికి ఇచ్చేశా. లోపల ఏమీ లేదు."

"మరి వారం వారం ఏం చెయ్యడానికి వచ్చావే?"

"కూర్చోవడానికి."

ఆడపడుచు సంచీ నోరు మూసింది. మేడమ్‌ని పక్కకి జరిపి, రూలుని తొక్కుకుంటూ లోపలికెళ్లింది. కుర్చీలో కూర్చుంది. బయట ఇద్దరూ ఎదురుచూశారు. ఎంతకీ రాలేదు.

వచ్చాక సంచీ మడిచి చంకలో పెట్టుకుంది. బస్టాపు దాకా ముందు నడిచింది. అక్కడ నిష్టూరంగా అంది:

"ఇన్నేళ్లలో నాకొక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెబితే నువ్వూ వస్తావుగా వదినా."

ఆడపడుచు పకపకా నవ్వింది. టైలరమ్మ భయపడిన నవ్వు కాదది.

ఇంటికెళ్లగానే ఆడపడుచు హాలు మధ్య నిలబడి తమ్ముణ్ణి పిలిచింది. "బంగారం దాని చెల్లెలి దగ్గరుంది. దాని బంగారం, దాని ఇష్టం. దాని సంగతి వదిలెయ్. ముందు ఇది చెప్పు. ఊళ్లో ఆడవాళ్లొచ్చి ఈ పాత తెర చాటున బట్టలు మార్చుకోవాలా? సిగ్గుగా లేదూ? తలుపు పెట్టించు. లోపలి నుంచి గడియ ఉండాలి."

"ఆ కాస్త మూలకి తలుపెందుకక్కా?"

"నీకెందుకో తెలిసుంటే ఎప్పుడో పెట్టించేవాడివి."

వారంలోగా ప్లైవుడ్ తలుపు వచ్చింది. బ్యాంకు ఇనుప కుర్చీ అడిగితే, అది వేలానికి వెళ్తుందని మేడమ్ చెప్పింది; దిండు మాత్రం తనదే కాబట్టి ఇచ్చింది. లోపల ఒక ప్లాస్టిక్ స్టూలు, దాని మీద ఆ దిండు. టీవీ మోత పూర్తిగా ఆగదు, సగం ఆగుతుంది. సగం చాలని టైలరమ్మ సర్దుకుంది.

ఒక మధ్యాహ్నం, కుట్టిన జాకెట్టు తొడిగి చూసుకుందామని ఒకావిడ వచ్చింది. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది.

"లోపలెవరు?"

"మా వదిన."

"ఏం కుట్టించుకుందేమిటి?"

"ఏమీ లేదు. కాసేపు కూర్చోండి," అంది టైలరమ్మ. టీవీ సౌండు కాస్త తగ్గించింది. మిషను ఆపి, ఆ జాకెట్టే ఒళ్లో వేసుకుని, చేత్తో హుక్కులు కుట్టడం మొదలుపెట్టింది.