తలనొప్పి లేదన్న మాట

"తలనొప్పి లేదమ్మా" అని మా అమ్మాయి అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అడక్కముందే చెప్పేది మరి! నొప్పి లేనివాళ్ళెవరైనా లేదని అన్నిసార్లు చెబుతారా?

అది స్కూలు కబడ్డీ టీములో కూతకెళ్ళే పిల్ల. పొన్నూరులో ఆడుతుంటే అవతలి పిల్ల మోకాలు కణతకి తగిలి పడిపోయింది. లేచి, "ఎవరు గెలుస్తున్నారు?" అని అడిగిందే అడిగింది. గుంటూరు తీసుకెళ్తే డాక్టరుగారు మెదడు అదిరిందన్నారు. నొప్పి పూర్తిగా పోయాక నడక, తర్వాత పరుగు, ఆ తర్వాత ఒంటరిగా ప్రాక్టీసు. ఆయన చూసి సరేనన్నాకే మనుషులతో తలపడే ఆట. మధ్యలో ఎక్కడ నొప్పొచ్చినా ఆగాల్సిందే. ఇది మానకముందు మళ్ళీ దెబ్బ తగిలితే ప్రాణం మీదకొస్తుందని గట్టిగా చెప్పారు.

ఈవిడగారు వారం తిరక్కుండానే హుషారు. సింగరాయకొండలో పోటీలున్నాయి కదా! మా ఆయనేమో, "నీకన్నీ అనుమానాలే. చక్కగా తింటోంది, తిరుగుతోంది" అనేవారు. ఆటల మాస్టారు ఫోన్ చేసి, "పర్లేదండీ, పిల్ల బానే ఆడుతోంది" అన్నారు. ఆడటమేంటి? నేను పంపేది చదువుకోడానికేనాయె! దాన్ని అడిగితే, "ఊరికే నడుస్తున్నానమ్మా" అంది, నా మొహం చూడకుండా.

చర్చిలో డప్పు పక్కన కూర్చుని గొంతు చించుకుని పాడే పిల్ల, ఆ ఆదివారం వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చుంది. ఉక్కగా ఉందట. చలే ఇంకా పోలేదు, ఉక్కేంటి? మిరపకాయల తొడిమలు తీయమంటే ఆమడ దూరం పారిపోయేది కాస్తా, "నేను తీస్తాలే" అంటూ తలుపు దగ్గరకేసుకుని మిరపకాయలు పోసిన చీకటి గదిలో చేరేది. చూస్తే కళ్ళు ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉండేవి. ఏమిటే అంటే, "ఘాటమ్మా" అనేది. మిరపకాయల ఇల్లు, ఏమని కాదంటాను?

పోటీలకి బయల్దేరే ముందురోజు సాయంత్రం పొలం నుంచి వచ్చేసరికి బ్యాగు సర్దేసుకుని ఉంది. ఆ గదిలోనే గోడకానుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. బుగ్గల మీద నీళ్ళు.

"మళ్ళీ ఏమైందే?"

"ఘాటమ్మా."

మిరపకాయలు పొద్దున్నే మార్కెట్ యార్డుకి వెళ్ళిపోయాయి. గదంతా తుడిపించి, మధ్యాహ్నం పత్తి పోయించాను. పిచ్చిమొద్దు, పత్తి మీదే కూర్చుని ఘాటంటోంది.

"కళ్ళు తెరిచి చూడవే" అంటూ లైటు వేశాను.

చేత్తో తడిమి చూసింది. లైటు వెలుగు భరించలేక మళ్ళీ కళ్ళు గట్టిగా మూసేసుకుంది. పోటీలూ లేవు, గీటీలూ లేవని అరవబోయాను. అది నా కొంగు పట్టుకుంది.

"నిన్న ప్రాక్టీసులో కూతకెళ్ళానమ్మా. మన గీత ఎటుందో తెలియలేదు. మావాళ్ళు అరుస్తుంటే, ఆ అరుపుల వైపు పరిగెత్తి వచ్చేశాను."

కొంగు వదలకుండానే మళ్ళీ అంది.

"రేపక్కడ రెండువైపులా అరుస్తారు కదమ్మా."